అల్లం ఎక్కువ, గుడ్డు వద్దు

"అక్కా, నేను... చావు... తర్వాత... ఎలా రాయాలి?"

లమై గరిటె ఆపి ఆ ముసలి ఫరంగీ వైపు గుర్రుగా చూసింది.

"ఇంకా బోణీ కాలేదు. పొద్దున్నే చావు మాటేంటి తాతా? నీ నోట్లో మన్ను పడ!"

ఖోన్ కేన్ ఊళ్లో బస్టాండు వెనక సంతలో తెల్లారకముందే లమై పొయ్యి వెలుగుతుంది. పంది మాంసం ఉండలు వేసిన బియ్యపు జావ అమ్ముతుంది. మొదటి బేరం బాగుంటేనే రోజంతా బాగుంటుందని ఆ సందులో అందరి నమ్మకం. అలాంటిది, మొదటి గిన్నె కూడా పోయకముందే ఈ మాట!

అతను రోజూ వచ్చేవాడే. పేరెవరూ అడగలేదు. తెల్లతోలు ఉన్న ప్రతివాడూ ఫరంగీయే కదా, పేరుతో పనేముంది? రెండేళ్లు అక్కడే ఉన్నా అతనికి థాయ్ భాష అబ్బలేదు. ఒక్క మాట మాత్రం తడుముకోకుండా అనేవాడు.

"అల్లం ఎక్కువ, గుడ్డు వద్దు."

పక్కన పూలదండలు కట్టే ఉబోన్ ఆ మాటను అతని యాసలోనే అని వెక్కిరించేది. సందంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు.

ఈ మధ్య నవ్వడం మానేశాడు. చొక్కా వదులైపోయింది. కళ్లు పచ్చబడ్డాయి.

ఇవాళ జేబులోంచి గళ్ల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. చిన్నపిల్లాడు బొమ్మలు గీసినట్టు వంకర అక్షరాలు.

"నాలుగు మాటలు, అక్కా. పిల్లలకి. నా చెయ్యి రాయాలి. నువ్వు దిద్దు."

"ఫోన్లో కొట్టుకో. అదే చెబుతుంది."

"ఫోన్ మాట... ఆఫీసు మాట. నా మాట కాదు."

"ఇంతకీ నీకు పిల్లలున్నారా తాతా?" ఉబోన్ అందుకుంది.

"లేరు." మాట కోసం వెతుక్కున్నాడు. "చచ్చాక... ఉంటారు."

ఉబోన్ పగలబడి నవ్వింది. "విన్నావా లమై అక్కా! బతికుండగా చేతకానిది, చచ్చాక కంటాడట!"

సందు గొల్లుమంది.

అతను చెమట తుడుచుకున్నాడు. "నాకు రోజులు తక్కువ. పిల్లలు నన్ను చూసి భయం. భయం వద్దు... అది చెప్పాలి. ఎలా?"

"అమ్మో, దయ్యమై వస్తానంటున్నాడే!" ఉబోన్ మెడలోని రక్షరేకు పట్టుకుంది.

లమైకి ఒళ్లు మండింది. "డాక్టరు సీటు కోసం పరీక్ష రాసే పిల్ల ఉంది నాకు. ఈ అపశకునం మాటలు నా పొయ్యి దగ్గరొద్దు. లే!"

అతను లేవలేదు. చేతులు జోడించాడు. అదీ సరిగ్గా రాదు పాపం, భిక్షువుకి పెట్టినట్టు నుదుటి దాకా ఎత్తేశాడు.

"మందుల షాపు అడిగాను. బడి అడిగాను. గుడి అడిగాను. అందరూ నవ్వు. అక్కా... నువ్వు చివర."

లమైకి జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ అంతలో ఇద్దరు డ్రైవర్లు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు.

"తర్వాత చూద్దాంలే తాతా."

అతను కాగితం మిరప్పొడి సీసా కింద పెట్టి, బల్ల పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం బల్ల తుడుస్తూ లమై దాన్ని పొయ్యిలో వేసింది.

మళ్లీ రాలేదు. వాళ్ల దేశం పోయుంటాడన్నారు.

ఏడాదిన్నర గడిచింది.

లమై కూతురు ముక్ డాక్టరు చదువులో రెండో ఏటికి వచ్చింది. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చి మంచమెక్కింది.

"నావల్ల కాదమ్మా. పెద్ద గురువు ముందు నిలబడితే చేతులాడట్లేదు."

చదువుకునే పిల్లల కోసం ఒళ్లు రాసిచ్చి చనిపోయినవాళ్లని అక్కడ శవం అనరు, పెద్ద గురువు అంటారు. మోకాళ్ల మీద కూర్చుని, పూలు పెట్టి, దణ్ణం పెట్టాకే కత్తి పట్టుకుంటారు.

వారం రోజులు ముక్ సరిగా తినలేదు. కత్తి పట్టకపోతే చదువు ఆగిపోయినట్టే. పొద్దున లేస్తే జావ తిప్పడం, పిల్ల ముఖం చూడడం, కళ్లు తుడుచుకోవడం, ఇదే అయిపోయింది లమైకి.

ఎనిమిదో రోజు సాయంత్రం ముక్ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పట్టానమ్మా! చెయ్యి వణకలేదు! మా గురువు మాకోసం ఉత్తరం రాసి పెట్టి వెళ్లారు. ఇవాళ సార్ చదివి వినిపించారు."

లమై కూతుర్ని పట్టుకుని భోరుమంది.

"ఏ తల్లి కన్న బిడ్డో! రేపు పొద్దున్నే ఆయన పేర భిక్షువులకి పెడతాను. చనిపోయినవాళ్లకి ఇష్టమైందే వండి పెట్టాలి. ఆయనకేం ఇష్టమో కనుక్కో."

"ఏ వంటో రాయలేదు గానీ, చివర్లో తిండి మాట ఒకటుంది. ఉండు, చదువుతా."

ముక్ ఫోన్లో ఆ ఉత్తరం ఫొటో తెరిచింది. అక్షరాలన్నీ వంకర టింకర.

"పిల్లలూ. నాకు పిల్లలు లేరు. చచ్చాక మీరు వచ్చారు. నన్ను చూసి భయం వద్దు. తప్పు కోస్తే నాకు నొప్పి లేదు. మళ్లీ కోయండి. బతికి ఉన్నప్పుడు నా మాట ఎవరికీ తెలియలేదు. ఈ ఉత్తరం తప్పు. దిద్దడానికి ఎవరూ లేరు. మీరు నన్ను చదవండి."

లమై ఫోన్లోకి వంగి ఆ వంకర అక్షరాలను చూసింది.

"ఇక చివరి వరుసమ్మా," అంది ముక్. "అదొక్కటే ఒక్క తప్పు కూడా లేకుండా రాశారు: 'అల్లం ఎక్కువ, గుడ్డు వద్దు.'"