దూది పింజ్రా

"రొట్టె లోపలున్నది, కుక్క బయటున్నది. ఇగ లోపలికి నేను పోయి కూసుంటే సరి!" అంది భాగ్యలక్ష్మి, ఇనప బోను ముందు మోకాళ్ళ మీద వంగి.

దూది ఆమె వైపు ఒకసారి చూసి తీరిగ్గా ఆవులించింది. పేరుకు దూదే గానీ నలభై అయిదు కిలోల కుక్క. చెవి కొస నుంచి తోక దాకా మచ్చలేని తెలుపు. భేస్తాన్‌లో ఆమె మామ లస్మయ్య పనిచేసిన మరమగ్గాల కార్ఖానా శేఠ్ దాన్ని కాపలాకని తెచ్చుకున్నాడు. "దొంగ వచ్చి పక్కన నిలబడ్డా లేవదు, తిండి దండగ" అని చివరికి లస్మయ్యకే అంటగట్టాడు. నెల కిందట లస్మయ్య పని మానేశాడు. కార్ఖానా వెనక గది ఖాళీ చేసి, కుక్కతో సహా పర్వత్ పాటియాలో కొడుకు రాజు ఫ్లాట్‌కు వచ్చేశాడు.

వచ్చిన మర్నాటి నుంచి మధ్యాహ్నమైతే చాలు, దూది ఒకటే అరుపు. సొసైటీ సెక్రెటరీ ఉమాకాంత్ రెండుసార్లు వచ్చి మంచిగా చెప్పాడు. మూడోసారి మంచిగా చెప్పలేదు.

"ఐతారం దాకా చూస్త. ఆ తర్వాత దాన్ని యాడికన్న పంపియ్యుండ్రి."

కిమ్‌లో రాజు దోస్తుకు ఒక గోదాం ఉంది. పంపితే అక్కడికే పంపాలి. అక్కడ పగలూ రాత్రీ గొలుసుతో కట్టేస్తారు. భాగ్యలక్ష్మికి అది ఇష్టం లేదు. చీరలకు రాళ్ళు అంటించుకుంటూ పగలంతా ఇంట్లో కూర్చునే మనిషి. ఒళ్ళో అంత పెద్ద తల పెట్టుకుని పడుకునే దూది అంటే ఆమెకు ప్రాణం.

అందుకే ఈ బోను, ఇక్కడివాళ్ళ మాటలో పింజ్రా. కొలతలు లస్మయ్యే తీశాడు. నేత మనిషి కదా, టేపు ముట్టుకోలేదు. నూలుపోగు పట్టుకుని ముక్కు నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి నెత్తి దాకా కొలిచి, పైన ఒక జానెడు కలిపాడు.

"జానెడు ఎందుకు మామా?"

"ఉతికితే గుంజుకపోతది కదనే!"

"ఇనుము గుంజుకపోతదా మామా?" అని కోడలు పగలబడి నవ్వింది. కానీ ఆ జానెడు కలపడమే మంచిదైంది. లోపల దూది నిటారుగా నిలబడవచ్చు, గుండ్రంగా తిరగవచ్చు, కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. అన్నీ చేయవచ్చు, లోపలికంటూ వెళ్తే!

బోను అమ్మిన అంగడివాడు చెప్పినవన్నీ భాగ్యలక్ష్మి తు.చ. తప్పకుండా చేసింది. తలుపు తీసే ఉంచింది. అన్నం గిన్నె లోపలే పెట్టింది. తిట్టలేదు, నెట్టలేదు. చీకటిగా ఉంటే నెమ్మదిస్తుందన్నాడని పాత చీర కప్పి, దూదిని ఒకసారి లోపలికి బుజ్జగించి పంపింది. ఆ రోజు దూది చీరను పీలికలు చేసి బయటికొచ్చి, ఇంకో గంట ఎక్కువ అరిచింది.

"ఉత్త మొండిది. ఎనక నుంచి వందసార్లు పిలిచినా తిరిగి సూడది," అంది భాగ్యలక్ష్మి.

"గట్ల పిలిస్తే ఎందుకొస్తది? గిట్ల పిలువాలె," అంటూ లస్మయ్య మంచం మీద నుంచే దూది కంటికెదురుగా రెండు వేళ్ళు ఆడించాడు. అది చటుక్కున వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. నడిచే మగ్గాల మధ్య మాట వినపడదు. అక్కడ అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. కుక్కకు కూడా కార్ఖానా భాష వచ్చిందని ఇంట్లో అందరికీ ముచ్చట.

నలభై ఏళ్ళు రాత్రి షిఫ్టు చేసిన లస్మయ్యకు పగటి నిద్రే అలవాటు. ఇక్కడికొచ్చాక అదీ కరువైంది. అటు దొర్లి, ఇటు దొర్లి, లేచి బాల్కనీలోకి వెళ్ళేవాడు. ఆయన కనుమరుగు కాగానే దూది అరిచేది. వచ్చి నడుం వాల్చి మళ్ళీ లేచేవాడు. అది మళ్ళీ అరిచేది.

"సూసినవా బిడ్డా, ఇది నన్ను పండనిస్తలేదు," అనేవాడు ఎర్రబడ్డ కళ్ళు నులుముకుంటూ.

శుక్రవారం ఆయనకే ఉపాయం తట్టింది.

"దీనికి మగ్గాల సప్పుడు కావాలె. ఆడ రాత్రింబగళ్ళు ఆ సప్పుట్లనే పెరిగె. ఈడ చీమ చిటుక్కుమన్నా ఇనవడ్తది. గిసుంటి కాడ నిద్రెట్ల పడ్తది?"

భాగ్యలక్ష్మి వెంటనే భేస్తాన్‌లో మగ్గం నడిపే మార్కండేయకు ఫోన్ చేసింది.

"అన్నా, జర మగ్గాల సప్పుడు రికార్డు చేసి పంపవా? గంటసేపటిది."

"నీకెందుకే?"

"మా కుక్కను పండవెట్టనీకి."

"మా సూపర్‌వైజర్‌ కూడా దీనికే పంటడు, పంపిస్త తియ్యి," అన్నాడు మార్కండేయ.

శనివారం మధ్యాహ్నం స్పీకర్‌ను బోను పక్కన పెట్టి మీట నొక్కింది. టకటకా టకటకా... ఇల్లంతా కార్ఖానా అయిపోయింది. దూది మంచం పక్కన నిలబడి పది నిమిషాలు అలాగే చూసింది. తర్వాత ఎవరూ పిలవకుండానే బోనులోకి నడిచి, ఒక చుట్టు తిరిగి, మంచం వైపు మూతి పెట్టి పడుకుంది. అరుపు లేదు. మంచం మీద నుంచి లస్మయ్య గురక. కుక్క ఊరుకుంది కాబట్టి మామకూ ఇన్నాళ్ళకు కునుకు పట్టిందని భాగ్యలక్ష్మి సంతోషంతో కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం ఉమాకాంత్ వచ్చి గుమ్మంలో చెవి ఒగ్గాడు.

"అరుపు బంద్ అయింది. మరి ఈ ఖట్‌ఖట్ ఏంది?"

"తలుపేస్తే సప్పుడు బయటికి రాదు సార్."

"కుక్క కన్నా నయమే. టీకాల కాగితం ఒకటియ్యుండ్రి, ఇగ ఈ లొల్లి ఖతం."

సోమవారం మధ్యాహ్నం టీకా వేయడానికి పశువుల డాక్టరు మీనాక్షి వచ్చింది. గుంటూరు మనిషి. బోనులో దూది, మంచం మీద లస్మయ్య హాయిగా నిద్రపోతున్నారు. భాగ్యలక్ష్మి నూలుపోగు కొలత నుంచి మగ్గాల చప్పుడు దాకా కథంతా గొప్పగా చెప్పింది.

మీనాక్షి దూది వెనక్కి వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టింది. స్టీలు పళ్ళెం మీద గరిటెతో మోగించింది. మంచం వైపు చూసి స్పీకర్ ఆపింది. మంచం మీద గురక ఠక్కున ఆగిపోయింది. దూది మాత్రం కదల్లేదు.

"అమ్మా, ఈ కుక్కకి పుట్టుచెవుడు."