కొంగమ్మకు సన్మానం

తెల్లారగానే సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, చెరువు నీటిని కాలితో కొలవడం కొంగమ్మకు అమ్మమ్మ నేర్పిన అలవాటు. అమ్మమ్మ కాలంలో మోకాలు దాటిన నీరు ఇప్పుడు వేళ్లు కూడా తడపడం లేదు. తుంగగడ్డల కోసం పంది గట్టు కుళ్లగించి గండి పెట్టింది మరి!

కొంగమ్మ ఆ సంగతి అందరికీ చెప్పింది, కప్ప దాని మీద పాట కట్టి పాడింది. తాబేలు పిల్లలు నీళ్లు లేక బురదలో గిలగిల కొట్టుకుంటుంటే, గండి పూడ్చడం మాని పందిగారి అధ్యక్షతన ఇద్దరికీ సన్మానం పెట్టారు! పిల్లలకు నీడనిస్తున్న ఆఖరి తామరాకు తెంపి కొంగమ్మకు శాలువా కప్పారు.

“ఎంత బాగా కొలిచావమ్మా! నా కళ్లు చెమర్చాయి,” అంది పంది.

“ముందు ఆ గండి పూడ్చు నాయనా.”

“ఆహా! దీని మీద ఇంకో పాట కట్టించండర్రా!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని కొంగమ్మ పంది ముట్టె మీద ఠపీమని పొడిచింది.

“సన్మానం చేస్తే పొడుస్తావా!”

“పూడ్చేదాకా పొడుస్తాను నాయనా,” అంది మెల్లగా.