చిటికెడు ఎముక

బుధవారం పొద్దున్న భీమారావు బాత్రూంలో జారి పడ్డాడు. పైవరసలో ముందుపన్ను సగానికి విరిగింది. మిగతా సగం వేరుదాకా చీలింది. ఆదివారం తెలుగు సంఘం వాళ్ళ పౌరాణిక నాటకం. అందులో ప్రధాన పాత్ర ఆయనదే.

క్రేన్ ఆపరేటర్‌గా రిటైరైన భీమారావు పద్యమంటే వాళ్ళ పేట పర్సుడీహ్‌లో తెలుగువాళ్ళందరికీ తెలిసిన పెద్ద పేరు. ఆ పేరు ఇప్పుడు పన్ను సందులోంచి గాలిగా పోతోంది. ‘శ’ అంటే ఈల వస్తోంది. అవతల సంఘంలోనే ఇంకో నటుడు సూర్యం ఆ పాత్ర పద్యాలన్నీ ముందే బట్టీ పట్టి, ముప్పై రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతూ తిరుగుతున్నాడట. ఆ కబురు విన్నాక భీమారావుకి అన్నం సహించలేదు.

భార్య కస్తూరమ్మతో ఆటో ఎక్కి కాసిడీహ్‌లో పళ్ళ డాక్టరు హిమబిందు దగ్గరికి పరుగెత్తాడు. తెలిసినవాళ్ళ పిల్లే.

“పరేషాన్ అవకండి అంకుల్. పన్ను మెల్లిగా తీసి, అదే గుంటలో ఇవాళే స్క్రూ పెట్టేస్తాను. పైన తాత్కాలికంగా పన్ను కూడా. పద్యాలు పాడుకోవచ్చు, కొరకడం మాత్రం వద్దు,” అంది హిమబిందు. “కానీ ముందువైపు ఎముక బాగా పలచన. స్క్రూ చుట్టూ సందులో ఎముక పొడి నింపకపోతే ఉన్న ఎముకా కరిగిపోతుంది. చిగుళ్ళు పైకి జరిగి, పన్ను పొడుగ్గా వేలాడుతుంది.”

“నింపమ్మా. ఎవులొద్దన్నారు?”

“మీ ఎముకే అయితే బాగా అతుక్కుంటుంది. కింది దవడ వెనకనుంచి చిటికెడు గీకుతాను. మత్తిస్తాను, తెలీదు.”

భీమారావు కుర్చీలోంచి లేచిపోయాడు.

“నా ఎముక గీకుతావేటి? దేవుడిచ్చిన ఒళ్ళమ్మా ఇది. రవ్వంత కూడా ఇవ్వను. కావాలంటే మీ ఆంటీది గీక్కో.”

“నా ఎముకలు మీ ఇంటి చాకిరీకి ఎప్పుడో అరిగిపోనాయి,” అంది కస్తూరమ్మ.

హిమబిందు నవ్వాపుకుని ఇంకో దారి చెప్పింది. ఆవు ఎముక పొడి సీసాల్లో దొరుకుతుందిట. భీమారావు రెండు చెవులూ మూసుకున్నాడు. నాటకం అయ్యేదాకా ఆయన నియమంలో ఉన్నాడు, ఉల్లిపాయ కూడా ముట్టడం లేదు.

“అయితే ఇంకొకటే ఉంది. చనిపోయినవాళ్ళు దానం చేసిన ఎముక. శుద్ధి చేసి పంపుతారు.”

దానం అన్న మాట భీమారావుకి భలే నచ్చింది. ఇచ్చేది తను కాదు కదా. తిరిగి కుర్చీలో చేరబడి, అంతలోనే ఒక కన్ను తెరిచాడు.

“ఆ పోయినాయన ఏ కులపోడో సీసా మీద రాత్తారా?”

“రాయరు అంకుల్.”

“పోనీలే. సర్దుకుంటాను,” అన్నాడు, లోకానికేదో మేలు చేస్తున్నవాడిలా.

“మరి మీరూ రాసిస్తారా? మీ తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.”

“నాను పోయినా నా ఎముకలు నాతోనే రావాల. ముక్క తక్కువైతే పైన ఏటని చెప్పుకోమంటావు?”

హిమబిందు మత్తు సూది అందుకుని పని కానిచ్చింది. సాయంత్రానికి పన్ను తెల్లగా నిలబడింది. సూర్యం మొహం మాడిపోయింది. ఎవరో పేరు తెలియని మనిషి భీమారావు పరువు కాపాడి పెట్టాడు. ఆయన్ని భీమారావు మళ్ళీ తలుచుకున్నది లేదు.

ఆదివారం సంఘం హాలు కిక్కిరిసింది. ఒక్క అక్షరం దగ్గర కూడా గాలి పోలేదు. ఆఖరి పద్యానికి ముందువరస ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

వజ్రాయుధం కోసం చేతులు జోడించి నిలబడ్డ ఇంద్రుడికి, దధీచి మహర్షి వేషంలో ఉన్న భీమారావు నవ్వుతూ వెన్నెముకతో సహా తన ఒంట్లో ఎముకలన్నీ దానం చేసేశాడు.