నోరు తెరిచిన చేపలు

తెల్లవారేసరికి గుంటలో చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. తిమ్మరాయన్ రెండో గంప పేడ ఎత్తాడు.

"నిలుపురా!" అక్క మాదమ్మాళ్ గంప పట్టుకుంది.

"ఆకలక్కా, చూడు! పేడ వేస్తే నీళ్లు పచ్చబడతాయి, ఆ పచ్చ తిని బొచ్చె చేపలు పెరుగుతాయి, గడ్డిచేపల పెంట తిని అడుగున తిరిగే చేపలు పెరుగుతాయి. ఏరియూరు మీటింగులో చేపల ఆఫీసరే చెప్పినాడు."

"వారానికి ఒక గంప అని చెప్పినాడు. నువ్వు దినామూ పోసినావు." ఆమె దోసిట్లో నీళ్లు తీసి వాసన చూసింది. "కుళ్లిపోయినాయిరా. నీళ్లలో గాలి లేదు. అది ఆకలి కాదు, ఊపిరాడక నోరు తెరుస్తుండాయి."

ఒక పెద్ద బొచ్చె అతని కాలి దగ్గరే వెల్లకిలా తిరిగింది.

"మోటారు వేసి కొత్తనీళ్లు వదులు!"

"కరెంటు లేదక్కా."

ఇద్దరూ గుంటలోకి దిగి, గాలి కలిసేలా చేతులతో నీళ్లు కొట్టసాగారు. ఉన్నట్టుండి తిమ్మరాయన్ చేతులు ఆగిపోయాయి.

"అక్కా, అమ్మ పోయిన దినం కూడా ఇట్లే నోరు తెరిచింది గదా?"

ఆమె నీళ్లు కొడుతూనే ఉంది.

"ఆకలనుకొని నేను గంజి పోసినాను."

"తెలుసురా," అంది మాదమ్మాళ్. "నిలపొద్దు, నీళ్లు కొట్టు."