బావమరిది వేలు

“గట్టిగా పట్టుకోరా! కదిలావంటే గుర్రం చెవి పోతుంది.”

“గుర్రం చెవి సరే బావా, నా వేళ్ల సంగతేంటి?”

బల్ల మీద ఉన్నది ఆటగుర్రానికి అతికించాల్సిన చెక్క చెవి. అరచేతిలో సగం లేదు, పైగా వంకర. ఏ బిగింపుకూ నిలవకుండా జారిపోతోంది. అంచులు నున్నగా తీసే రూటర్ మెషిన్ పట్టుకుని వడ్రంగి నిలబడ్డాడు. చివరికి అతనికి దొరికిన బిగింపు బావమరిదే. పాపం, వాడు దర్జీ.

“పిరికి సన్నాసీ! నేనెప్పుడూ చేత్తో పట్టుకునే చేస్తాను. ఏమైంది?”

వంటింట్లోంచి వడ్రంగి భార్య వచ్చింది. తమ్ముడి చెయ్యి లాగేసి, చెవి పక్కన ఓ క్యారెట్ ఆనించి, దాని మీద ఇటుక పెట్టింది.

“ఇదే మా తమ్ముడి వేలు. ఇక కానివ్వండి.”

రూటర్ బుర్రుమంది. చెవి ఎగిరి గోడకు కొట్టుకుంది. క్యారెట్ సగం మాయమై, తురుముగా వడ్రంగి మీసాల్లో తేలింది.

వడ్రంగి ప్లగ్గు పీకి, తన వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూసుకున్నాడు. ఇన్నాళ్లూ పనితనం అనుకున్నాడు. వట్టి అదృష్టం!

చెవిని తెచ్చి, రెండు వైపులా అంటుకునే టేపుతో వెడల్పాటి పలకకు అతికించాడు. ఆ పలకను బల్లకు బిగించాడు.

“మరి నేనేం పట్టుకోను బావా?”

“నీ జేబులు పట్టుకో. దూరంగా!”

బావమరిది మిగిలిన క్యారెట్ కసుక్కున కొరికాడు.

“నా వేలు తియ్యగానే ఉందక్కా!”