పదకొండో సీడీ

ఆ పొద్దున దీపం పెట్టి లేచేసరికి తమ్ముడు జంపయ్య కంప్యూటర్ ముందు తల పట్టుకుని ఉన్నాడు. తన కూతురి పెళ్ళి ఫోటోలు ఎక్కిస్తుంటే పదకొండో సీడీ కూడా సగంలో పాడైంది.

"స్పీడ్ తగ్గించిన, వైరు మార్చిన. నువ్వు రోజూ దండం పెడ్తున్నవ్ గదక్కా, అయినా గిట్లనే అయితాందేంది?"

"దేవుడు వింటనే ఉన్నడు తమ్మీ," అన్నాను.

పాడైన సీడీని తీసుకెళ్లి మా జొన్నచేలో మిగతా పదింటి పక్కన దారంతో వేలాడదీశాను. అది తళుక్కుమనగానే కంకుల మీది చిలకలు లేచిపోయాయి. పోయిన ఏడాది సగం పంట వాటి నోట్లోకే పోయింది.

సాయంత్రం అందరం కూర్చుని నిర్ణయించాం. ఫోటోల సీడీ భద్రాచలం స్టూడియోలో చేయించాలి. మా సీడీ రైటర్‌ను కోతలయ్యేదాకా బాగు చేయించకూడదు.

ఇక అది బాగుపడొద్దని నేను దండం పెట్టే పని లేదు.