ఎదురుషాపు గూఢచారి

షాపు మెట్ల మీద నిలబడి ఒకాయన గాల్లో చేతులు తిప్పుతున్నాడు.

అద్దాల తలుపు వెనక నుంచి మేనేజరు ఆయన్నే చూస్తున్నాడు.

ఆ ఊళ్లో కొత్త మొబైల్ ఇంటర్నెట్ కంపెనీ షాపు తెరిచి వారమైంది. గుమ్మానికి కట్టిన బెలూన్లకి గాలి దిగిపోయింది. లోపల ఏసీ చల్లగా ఉంది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

ఊరివాళ్లది ఒకటే మాట.

"మాట్లాడుకోవడానికి ఫోనుంది కదా. మళ్లీ మొహాలు చూసుకోవడం దేనికి?"

వీధికి అవతల పాత ఫోన్ కంపెనీ షాపుంది. అక్కడ కాలు పెట్టే చోటు లేదు. ఇక్కడ తోలుకుందామన్నా ఈగలు లేవు.

"ఎవరమ్మా ఆయన?" అని కౌంటర్లో అమ్మాయిని అడిగాడు మేనేజరు.

"లారీ డ్రైవర్ సర్. షాపు తెరిచిన రోజే కనెక్షన్ తీసుకున్నాడు. లోడు కోసం ఊళ్లో ఆగాడట."

"తీసుకుంటే తీసుకున్నాడు. రోజూ వచ్చి మన మెట్ల మీద ఆ గంతులేంటి?"

"సిగ్నల్ కోసమేమో సర్. టవరు మన డాబా మీదే ఉంది కదా. రెండు వీధులు దాటితే బొమ్మ బిగుసుకుపోతోంది."

"ఆ మాట గట్టిగా అనకు."

మేనేజరు మళ్లీ బయటికి చూశాడు. డ్రైవర్ వీపు ఇటు, మొహం ఎదురుషాపు వైపు. ఒకసారి వెనక్కి తిరిగి షాపు లోపలికి తొంగిచూశాడు. మళ్లీ అటు తిరిగి, రెండు అరచేతులూ అడ్డంగా ఊపాడు.

"చూశావా? లోపల ఎవరూ లేరని చెబుతున్నాడు."

"ఎవరికి సర్?"

"ఇంకెవరికి, ఎదురుషాపు వాళ్లకి. వాడు వాళ్ల మనిషమ్మా. మన కొంపలో గుట్టంతా మోసేస్తున్నాడు."

"ఎదురుగా పిట్టగోడ మీద ఫోను కూడా నిలబెట్టాడు సర్."

"వీడియో కూడా తీస్తున్నాడన్నమాట."

ఇంతలో డ్రైవర్ బుగ్గలు పూరించాడు. చేతులతో గాల్లో పెద్ద బొజ్జ గీశాడు. దాన్ని ముందుకి తోసుకుంటూ అటు రెండడుగులు, ఇటు రెండడుగులు నడిచాడు.

అమ్మాయి లేని దగ్గు తెచ్చుకుంది.

మేనేజరు తన బొజ్జ లోపలికి లాక్కుని, తలుపు తోసుకుని బయటికి వెళ్లాడు.

"ఏమయ్యా, ఇది షాపనుకున్నావా, నాటకాల పందిరనుకున్నావా?"

"అది కాదండీ, ఇక్కడైతే బొమ్మ ఆగకుండా..."

"నా బొమ్మ గీసింది చాల్లే. రేపటి నుంచి ఈ మెట్లెక్కావంటే మర్యాద దక్కదు."

డ్రైవర్ ఏదో చెప్పబోయాడు. దారినపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆయన గోడ మీది ఫోను తీసుకున్నాడు. దాన్ని చూస్తూ చెయ్యి ఒకసారి ఊపి, జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

"పీడ విరగడైంది" అన్నాడు మేనేజరు.

మర్నాడు హెడ్డాఫీసు నుంచి మేడమ్ ఫోన్ చేసింది.

"రేపు కెమెరాతో వస్తున్నాను. ప్రకటన తీయాలి. నటులు వద్దు. మన నెట్టు వల్ల బతుకులో ఏదైనా మారిన మనిషిని ఒక్కరిని చూపించండి చాలు. ఆ ఒక్కరూ లేకపోతే ఆ ఊళ్లో షాపు ఎందుకో ఆలోచించాలి."

మేనేజరు వెంటనే బయల్దేరాడు. ఊరంతా గాలించాడు. కనెక్షన్ తీసుకున్నవాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్నారు. వాళ్లలో బతుకు మారినవాడు ఒక్కడూ తగల్లేదు.

చివరికి బావమరిదిని పిలిపించాడు.

"నీకు ఈ ఊళ్లో ఉద్యోగం. నీ భార్య దూరాన ఉంది. మా నెట్టు వల్ల రోజూ తనని చూసుకుంటున్నావు. అర్థమైందా?"

"నాకింకా పెళ్లి కాలేదు కదా బావా."

"పెళ్లయినవాడు ఈ మాటలు ఇంత ప్రేమగా చెప్పలేడురా. నువ్వే సరైనవాడివి."

మర్నాడు మేడమ్ వచ్చి కెమెరా పెట్టింది. బావమరిది చెమట తుడుచుకున్నాడు.

"ఈ నెట్టు వచ్చాక నా భార్య నాకు దగ్గరైందండీ."

"బాగుంది. ఆవిడతో ఏం మాట్లాడతారు?"

ఇది నేర్పలేదు.

"భోంచేశావా అని అడుగుతానండీ."

"ఆవిడ ఏమంటుంది?"

బావమరిది మేనేజరు వైపు తిరిగాడు.

"చేశానంటుందా బావా?"

మేడమ్ కెమెరా ఆపేసింది.

"ఊరు మొత్తం మీద నిజమైన మనిషి ఒక్కరూ దొరకలేదా?"

"ఈ జనానికి మన నెట్టు విలువ తెలియదు మేడమ్."

"షాపు సంగతి పైనుంచి కబురొస్తుంది లెండి" అని ఆవిడ కారెక్కి వెళ్లిపోయింది.

మేనేజరు గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆయన ఓదార్పు కోసం చూస్తే, బావమరిది ఏసీ కింద కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

పక్కనే టైర్ల షాపు నడిపే పెద్దాయన చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆ లారీ ఆయన మళ్లీ కనపడతాడేమోనని చూస్తున్నారా? పొద్దున్నే నా దగ్గర టైరు మార్పించుకుని, లోడెత్తుకుని వెళ్లిపోయాడు. ఇంక ఇటు దారి లేదన్నాడు."

"ఆయన కోసం నేనెందుకు చూస్తానండీ. ఇక్కడ నిలబడి సైగలు చేసినందుకు ఎదురుషాపు వాళ్లు బాగానే ముట్టజెప్పి ఉంటారు."

పెద్దాయనకి ఆ మాట బోధపడలేదు.

"ఎదురుషాపుకేంటండీ, ఆయన ఫోనులో చూస్తూ ఇంట్లో ఆవిడతో కబుర్లు చెప్పుకున్నాడు. ఆవిడకి పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. పెళ్లయిన ఇన్నేళ్లలో లారీ మీద బయటికొచ్చాక ఆవిడతో మాట్లాడగలిగింది ఈ వారమేనట."